లైసెన్సు లేని గైడు

దసరా సెలవులు దగ్గర పడుతున్నాయంటే మా విభాగంలో ఎల్.టి.సి. దరఖాస్తుల సందడి మొదలవుతుంది. ఎవరు ఏ దిక్కుకు పోదలచినా మధ్యాహ్న భోజన విరామంలో నా బల్ల దగ్గరకు ఒకసారి వచ్చి వెళ్ళడం ఆనవాయితీ అయింది. నేను ఎక్కువ ప్రదేశాలు తిరిగిన వాణ్ణి కాను. తిరిగిన నాలుగు చోట్లా టిక్కెట్టు ఎంత, గైడుకు ఎంత ఇచ్చాము, రసీదు ఇచ్చారా లేదా అన్నది చిన్న పుస్తకంలో రాసి పెట్టుకోవడం నాకు అలవాటు. ఆ పుస్తకం కోసమే మిత్రులు వస్తారు. వచ్చిన వారందరూ చివరకు అడిగే ప్రశ్న ఒకటే: “గైడును పెట్టుకోవాలంటారా? ఆ డబ్బు దండగ కాదూ?”

ఈ ప్రశ్నకు నేను ముక్తసరిగా, “పెట్టుకోండి. కాని ముందు కార్డు అడగండి” అని సమాధానం చెబుతూ వచ్చాను. ఎందుకని ఎవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు. మరి రెండేళ్ళలో పదవీ విరమణ చేయబోతున్నాను. ఆ “ఎందుకు” అన్నది ఈ పత్రిక ద్వారా మన ఉద్యోగ మిత్రులకు, వారి కుటుంబ సభ్యులకు చెప్పవలసిన సమయం వచ్చిందనిపించింది. ఇందులో కొంత నిబంధనల సంగతి ఉన్నది, కొంత నా సొంత సంగతి ఉన్నది. రెండింటినీ విడదీసి చెప్పడం నాకు చేతకాలేదు.

నేను పుట్టి పెరిగినది పశ్చిమ బెంగాల్‌లోని ఖరగ్‌పూర్‌లో, ఇందా అనే పేటలో. బెంగాల్ నాగపూర్ రైల్వే వారు అక్కడ జంక్షను కట్టి, వర్క్‌షాపు నెలకొల్పిన నాటి నుంచి శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం ప్రాంతాల వారు పని వెతుక్కుంటూ ఆ ఊరు చేరారు. మా తాతగారు అలా వచ్చిన వారే. నాన్నగారు అదే వర్క్‌షాపులో ఫిట్టరుగా చేరి, మిస్త్రీగా పదవీ విరమణ చేశారు. ఇంట్లో తెలుగు, వీధిలో బెంగాలీ, వర్క్‌షాపులో హిందీ, ఇలా మూడు భాషలు మాకు మూడు జతల చెప్పుల వంటివి. ఏ గడప దగ్గర ఏది విడవాలో, ఏది తొడగాలో చిన్ననాడే తెలిసిపోయేది. 2020 డిసెంబరులో పశ్చిమ బెంగాల్ మంత్రివర్గం తెలుగుకు రాష్ట్రంలో అధికార భాష హోదా ఇవ్వడానికి ఆమోదం తెలిపినప్పుడు, ఈ వార్త వినడానికి నాన్నగారు లేరే అని బాధపడ్డాను.

నాన్నగారికి ఒక వ్యసనం ఉండేది. ఊరు చూపించడం. స్వగ్రామం నుంచి చుట్టాలు వచ్చినా, కాశీకో గయకో వెళ్తూ మధ్యలో దిగిన పొరుగూరి వారు వచ్చినా, వారు కాళ్ళు కడుక్కుని కాఫీ తాగేలోపు ఆయన చొక్కా తొడుక్కుని సిద్ధంగా ఉండేవారు. ముందుగా మా ఇందాలోని ఖడ్గేశ్వరుని ఆలయం. ఊరికి ఆ పేరు ఈ స్వామి వల్లనే వచ్చిందని చెప్పేవారు. అక్కడికి దగ్గరలోనే హిడింబేశ్వరి గుడి. భీముడు హిడింబను పెళ్ళాడినది ఈ చుట్టుపక్కలేనని ఊరి వారు చెప్పుకునే కథను, తాను పెళ్ళికి వెళ్ళి భోజనం చేసి వచ్చినంత వివరంగా చెప్పేవారు. అక్కడి నుంచి గోల్‌బజారు. ఆ తరువాత హిజ్లీ.

హిజ్లీ దగ్గరకు వచ్చేసరికి ఆయన గొంతు మారేది. బ్రిటిషు ప్రభుత్వం రాజకీయ ఖైదీల కోసం నడిపిన నిర్బంధ శిబిరం అది. 1931 సెప్టెంబరు 16న కాపలా సిపాయిలు నిరాయుధులైన ఖైదీలపై కాల్పులు జరిపారు. సంతోష్ కుమార్ మిత్రా, తారకేశ్వర్ సేన్‌గుప్తా అనే ఇద్దరు యువకులు మరణించారు. రవీంద్రనాథ్ ఠాగూరు ఆ దారుణాన్ని బహిరంగంగా ఖండించారు. స్వాతంత్ర్యం వచ్చాక, 1951లో, దేశంలోని మొట్టమొదటి ఐ.ఐ.టి. ఆ భవనంలోనే ప్రారంభమయింది. “జైలు కట్టిన గోడల మధ్యనే బడి పెట్టారు, చూడండి” అని చెప్పి కాసేపు మౌనంగా నిలబడేవారు. విద్యాసంస్థ ఆవరణలోకి చుట్టాలను తీసుకుపోవలసి వస్తే గేటు దగ్గర ముందుగా అడిగి, అనుమతి దొరికితేనే లోపలికి నడిపించేవారు.

చివరి మజిలీ రైల్వే స్టేషను. 1072.5 మీటర్ల పొడవైన మా ప్లాట్‌ఫారం ఆ రోజులలో ప్రపంచంలోకెల్లా పొడవైనది. ఆ చివర నుంచి ఈ చివరకు చుట్టాలను నడిపించి, వారు అలసిపోతే గాని ఆయనకు తృప్తి కలిగేది కాదు. 2013లో ఆ రికార్డు గోరఖ్‌పూరుకు, 2023లో హుబ్బళ్ళికి పోయింది. 2009లోనే కాలం చేసిన నాన్నగారికి ఈ చేదు వార్త వినవలసిన అవసరం కలగలేదు. ఇక్కడ ఒక్క విషయం చెప్పాలి. స్టేషనులో గేటు దగ్గరి ఉద్యోగులందరూ ఆయనను ఎరిగిన వారే. అయినా మనిషికొక ప్లాట్‌ఫారం టిక్కెట్టు కొనకుండా ఏనాడూ లోపలికి అడుగు పెట్టలేదు. “రైలు మనది కదా నాన్నా, మనకెందుకు టిక్కెట్టు?” అని చిన్నతనంలో ఒకసారి అడిగాను. “మనది కాబట్టే కొనాలి నాయనా” అన్నారు. ఆ మాట అప్పుడు అర్థం కాలేదు.

1993 డిసెంబరులో మా వీధిలోని తెలుగు కుటుంబాల వారందరమూ కలిసి పూరీ, కోణార్క యాత్రకు బయలుదేరాము. నేను అప్పటికి మన సంస్థలో చేరి మూడేళ్ళయింది. సెలవు పెట్టి ఇంటికి వచ్చాను. పిల్లాపెద్దలు కలిపి ఇరవై ఇద్దరము. అప్పటికి పదవీ విరమణ చేసి ఉన్న నాన్నగారు యాత్రకు నాయకులు. అర్ధరాత్రి దాటాక పూరీ ఎక్స్‌ప్రెస్సు ఎక్కి, తెల్లవారి పూరీలో దిగి, జగన్నాథ స్వామి దర్శనం చేసుకుని, మరునాడు ఉదయం బస్సులో కోణార్క చేరుకున్నాము.

కోణార్కను ఎరుగని వారు మన పాఠకులలో అరుదు. పదమూడవ శతాబ్దిలో తూర్పు గాంగ రాజు మొదటి నరసింహదేవుడు సూర్యభగవానునికి రథం రూపంలో కట్టించిన ఆలయం. ఇరవై నాలుగు చక్రాలు, ఏడు గుర్రాలు. ఆ గాంగుల తొలి రాజధాని కళింగనగరం నేటి శ్రీకాకుళం జిల్లాలోని ముఖలింగమని పండితులు గుర్తించారు. అందుచేత నాన్నగారు కోణార్కను పరాయి వారి గుడిగా ఎన్నడూ భావించలేదు. “మన జిల్లా వాళ్ళు కట్టిన గుడి” అనేవారు. అక్కడి రాయి కూడా అధిక భాగం ఖొండలైటు. మన సింహాచలం కొండల్లో దొరికే రాయీ అదే.

టిక్కెట్లు తీసుకుని లోపలికి వెళ్ళాము. నాన్నగారు అందుకున్నారు. గర్భగుడి శిఖరంపై ఒకప్పుడు మహా అయస్కాంతం ఉండేదని, సముద్రం మీద పోయే ఓడలను అది ఒడ్డుకు లాగేసేదని, నావికులు దానిని పెరికివేయడం వల్ల గుడి కూలిందని చెబుతున్నారు. పన్నెండువందల మంది శిల్పులు, పన్నెండేళ్ళ బాలుడు ధర్మపదుడు, కలశం ఎత్తి సముద్రంలోకి దూకడం, అన్నీ వచ్చాయి. ఆయన చెబుతూ ఉంటే చుట్టూ జనం చేరారు. వారిలో విజయనగరం వైపు నుంచి వచ్చిన ఒక కుటుంబం ఉంది. తెలుగు మాట చెవిన పడగానే ప్రాణం లేచి వచ్చినట్లయి మా వెంటే నడిచారు. ఒక గంటసేపు నాన్నగారు వారికీ మాకూ కలిపి చక్రాలన్నీ చూపించారు. లావుపాటి ఆకులు ఎనిమిది, ఒక్కొక్క ఆకుకు మూడు గంటలు అని లెక్క చెప్పి, ఇరుసు మీద వేలు ఆనించి, నీడను బట్టి వేళ చెప్పి చూపించారు. గడియారంతో సరిపోల్చుకుని పిల్లలు చప్పట్లు కొట్టారు.

సెలవు తీసుకునేటప్పుడు ఆ కుటుంబ యజమాని జేబులోంచి యాభై రూపాయలు తీసి నాన్నగారికి ఇవ్వబోయారు. ఆయన రెండు చేతులూ జోడించి, “వద్దు బాబూ, నేను గైడును కాను. మీలాగే చూడవచ్చిన వాణ్ణి” అన్నారు. పెద్దమనిషి వినలేదు. అంతసేపు చెప్పించుకుని ఉత్త చేతులతో వెళ్ళడం ఆయనకు నామోషీగా తోచింది. నాన్నగారు అప్పటికే పిల్లలను వెంటబెట్టుకుని గుర్రాల వైపు కదిలారు. పెద్దమనిషి నా వైపు తిరిగి, “మీరైనా పుచ్చుకోండి, పిల్లలకు కొబ్బరి బొండాలు కొనిపెట్టండి” అన్నారు.

నేను చెయ్యి చాచాను. ఈ వ్యాసమంతా ఆ ఒక్క వాక్యం రాయడానికే.

రెండు ఇరవై రూపాయల నోట్లు, ఒక పది రూపాయల నోటు. ఆ కాలపు ఇరవై రూపాయల నోటు వెనుక కోణార్క చక్రమే ఉండేది. జేబులో పెట్టుకుంటూ ఉండగా ఒక అటెండెంటు మా దగ్గరకు వచ్చాడు. ఖాకీ దుస్తులు, చేతిలో చిన్న కర్ర. మర్యాదగానే హిందీలో అడిగాడు, మా గైడు ఎవరని, లైసెన్సు ఏదని. ఇందాకటి నుంచి చూస్తూనే ఉన్నానని, చుట్టాలకు చెప్పుకుంటే అభ్యంతరం లేదని, డబ్బు పుచ్చుకుని చూపించడానికి మాత్రం లైసెన్సు కావాలని అన్నాడు.

నాన్నగారు వెనక్కి వచ్చారు. సంగతి ఆయనకు అర్థం కావడానికి ఒక్క క్షణం పట్టింది. నా ముఖం చూశారు. నా చెయ్యి అప్పటికే మళ్ళీ జేబులోకి పోయింది. మనవి చేసుకుంటున్నాను, ఆ చెయ్యి డబ్బు తిరిగి ఇవ్వడానికి పోలేదు. ఆ అటెండెంటుకు పదో ఇరవయ్యో ఇచ్చి వ్యవహారం అక్కడితో ముగిద్దామని పోయింది. నాన్నగారు నా మణికట్టు పట్టుకున్నారు. వర్క్‌షాపులో ముప్పయి ఏళ్ళకు పైగా సుత్తి పట్టిన చెయ్యి అది. ఆ పట్టు ఇప్పటికీ గుర్తుంది.

“డబ్బు ఎవరు తీసుకున్నారు?” అని అటెండెంటు అడిగాడు.

“నేనే” అన్నారు నాన్నగారు.

ఇరవై ఇద్దరమూ నిలబడి ఉన్నాము. మా అమ్మ ఉంది, వీధి వారున్నారు, ఏనాడూ ఆయన ముందు గట్టిగా మాట్లాడని చిన్న పిల్లలున్నారు. నేను నోరు తెరవలేదు. జరిమానా ఉంటే రాయమని, కడతానని ఆయన అన్నారు. అటెండెంటుకు ఆయన వయసు చూసి జాలి కలిగిందో, మాట తీరు నచ్చిందో, ఈసారికి డబ్బు తిరిగి ఇచ్చేస్తే చాలునని చెప్పి వెళ్ళిపోయాడు. నాన్నగారు నా చేతిలోంచి ఆ మూడు నోట్లూ తీసుకుని, ఆ పెద్దమనిషికి అందించి, “పొరపాటయింది, క్షమించండి” అన్నారు. ఆ పెద్దమనిషి నాకంటె ఎక్కువగా సిగ్గుపడ్డారు.

నాకు పట్టరాని కోపం వచ్చింది. ముసలాయన నాలుగు మాటలు చెప్పడానికి కూడా లైసెన్సు కావాలా? గుడి ఎవరిది? కట్టిన రాజు లైసెన్సు ఇచ్చాడా? ఇలా నాలో నేనే వాదించుకున్నాను. నాన్నగారు మాత్రం ద్వారం దగ్గరకు వెళ్ళి, మెడలో గుర్తింపు కార్డు వేలాడుతున్న ఒక గైడును మాట్లాడి తీసుకువచ్చారు. ఒడియా ఆయన, నడివయస్కుడు. రేటు ముందే చెప్పాడు. నాన్నగారు తన సొంత డబ్బు ఇచ్చి, “మాకు మొదటి నుంచి చెప్పండి” అని, పిల్లలతో పాటు తానూ ముందు వరుసలో నిలబడ్డారు.

ఆ గైడు హిందీలో చెప్పాడు, మధ్యమధ్య రెండు తెలుగు ముక్కలు కలిపాడు. శ్రీకాకుళం నుంచి యాత్రికులు చాలామంది వస్తారట. అయస్కాంతం సంగతి జనం చెప్పుకునే కథ అన్నాడు. పెద్ద శిఖరం ఎప్పుడు, ఎందుకు పడిపోయిందన్న దానిపై పండితులలో ఏకాభిప్రాయం లేదన్నాడు. మనం ఇప్పుడు గుడి అని చూస్తున్నది గర్భగుడి కాదు, దాని ముందరి జగన్మోహనమని, అది కూలిపోకుండా ఇరవయ్యో శతాబ్ది మొదట్లో లోపలంతా ఇసుకతో నింపి ద్వారాలు మూసివేశారని చెప్పాడు. పూరీలో సింహద్వారం ఎదుట నిన్న మేము చూసి నమస్కరించిన అరుణ స్తంభం ఒకప్పుడు ఈ గుడి ముందు నిలిచినదేనని, మరాఠాల కాలంలో అక్కడికి తరలించారని చెప్పాడు. నాన్నగారు ఉలిక్కిపడ్డారు. పూరీకి పదిసార్లు వెళ్ళి, ఆ స్తంభం నీడన కూర్చుని పులిహోర పొట్లాలు విప్పిన మనిషి ఆయన. ఈ సంగతి ఆయనకు తెలియదు.

అంతా అయ్యాక చెట్టు నీడలో కూర్చున్నప్పుడు నాన్నగారు ఆ గైడును అడిగారు, లైసెన్సు ఎలా ఇస్తారని. చదువు, పరీక్ష, శిక్షణ, పోలీసు విచారణ, గడువు తీరితే మళ్ళీ పునరుద్ధరణ. ఇవన్నీ ఆయన ఓపికగా చెప్పాడు. వానాకాలం నాలుగు నెలలూ పని పలచబడుతుందని, ఆ లోటు ఈ చలికాలపు రాబడితోనే పూడ్చుకోవాలని అన్నాడు. “మీ వంటి పెద్దలు ఊరికే చెబితే మాకు సంతోషమే. డబ్బు తీసుకుని చెప్పేవాళ్ళు నలుగురు చేరితే మాత్రం ఆ రోజు నా ఇంట్లో పొయ్యి వెలగదు” అన్నాడు. నా కోపం అక్కడ సగం చచ్చింది. మిగిలిన సగం నా మీదికే తిరిగింది.

తిరుగు ప్రయాణంలో రాత్రి అందరూ పడుకున్నాక నాన్నగారు కిటికీ దగ్గర కూర్చుని ఉన్నారు. నేను ఎదుట కూర్చున్నాను. చాలాసేపటికి, “ముప్పయ్యారేళ్ళ సర్వీసులో ఒక్కనాడైనా టిక్కెట్టు లేకుండా పట్టుబడలేదురా. ఇవాళ పట్టుబడ్డాను” అన్నారు. “నాన్నా, తీసుకున్నది...” అని మొదలుపెట్టాను. “నా బోగీలో ఎక్కినవాడు టిక్కెట్టు తీసుకున్నాడో లేదో చూసుకోవలసింది నేనే గదా. పడుకో” అని దుప్పటి కప్పుకున్నారు. ఆ తరువాత పదహారేళ్ళు బ్రతికారు. ఆ ప్రస్తావన మళ్ళీ తేలేదు. డబ్బు పుచ్చుకున్నది తన భర్తేనని నమ్మిన మా అమ్మ ఒకటి రెండు సార్లు నవ్వుతూ ఎత్తిపొడిచినప్పుడు కూడా ఆయన దిద్దలేదు. నేనూ దిద్దలేదు.

ఆయన ఊరు చూపించడం మానలేదు. అయితే ఒక మార్పు వచ్చింది. ఒక నోటు పుస్తకం కొన్నారు. గ్రంథాలయానికి వెళ్ళి, తెలిసిన అధ్యాపకులను అడిగి, ఒక్కొక్క విషయం రాసుకున్నారు. పేజీ మధ్యలో నిలువుగా గీత గీసి, ఎడమ పక్కన ‘విన్నది’, కుడి పక్కన ‘చదివినది’ అని శీర్షికలు పెట్టారు. భీముడి పెళ్ళి ఎడమ పక్కకు పోయింది. హిజ్లీ కాల్పుల తేదీ కుడి పక్కన ఉంది. చుట్టాలకు చెప్పేటప్పుడు కూడా, “ఇది విన్న మాట, ఇది చదివిన మాట” అని వేరు చేసి చెప్పేవారు. కథ రుచి ఏమీ తగ్గలేదు. పైగా పిల్లలు ప్రశ్నలు వేయడం మొదలుపెట్టారు.

తరువాత నేను ఆ నిబంధనలను తెప్పించుకుని చదివాను. ప్రాచీన కట్టడాలను కాపాడే చట్టం 1958 నాటిది. దాని కింద 1959లో చేసిన నిబంధనలలో ఎనిమిదవది, రక్షిత కట్టడంలో ఏవేవి చేయరాదో చెబుతుంది. కట్టడానికి హాని కలిగించరాదు, అనుమతించని చోట వంట చేయరాదు, భోజనం చేయరాదు, యాచించరాదు. సరుకులు అమ్మడం, డబ్బు తీసుకుని సందర్శకులకు చూపించడం పురావస్తు అధికారి ఇచ్చిన లైసెన్సు లేనిదే కూడదు. ‘డబ్బు తీసుకుని’ అన్న మాట గమనించదగినది. చరిత్ర చెప్పడాన్ని ఈ నిబంధన ఆపలేదు, అమ్మడాన్ని మాత్రం ఒక కట్టుబాటులో పెట్టింది. తండ్రి బిడ్డకు చెప్పవచ్చు, మిత్రుడు మిత్రునికి చెప్పవచ్చు. ఆ అటెండెంటు ఆ రోజు చెప్పినది అక్షరాలా ఇదే.

ఇది మన దేశంలోనే ఉన్న పట్టింపు అనుకోవద్దు. లండనులో వెస్ట్‌మినిస్టర్ ఆబీ వంటి చోట్ల బృందాలకు చూపించే పని నీలి బ్యాడ్జీ సంపాదించిన గైడులకు పరిమితం. ఇటలీలో 2023 చట్టం గైడులకు దేశమంతటికీ ఒకే పరీక్షను ఏర్పరచింది. కట్టడం ఎంత పాతదైతే దాని గురించి చెప్పే మాటకు అంత బాధ్యత ఉండాలన్నది అన్ని చోట్లా ఉన్న భావమే.

ఇక మన పాఠకులకు పనికివచ్చే నాలుగు వివరాలు. కేంద్ర పురావస్తు శాఖ వారి కట్టడాలలో ప్రవేశ రుసుము 2018 ఆగస్టులో సవరించబడింది. దాని ప్రకారం కోణార్క వంటి ప్రపంచ వారసత్వ కట్టడాలలో భారతీయులకు 40 రూపాయలు, విదేశీయులకు 600 రూపాయలు. గోల్కొండ, చార్మినారు వంటి ఇతర టిక్కెట్టు కట్టడాలలో భారతీయులకు 25, విదేశీయులకు 300. నగదు కాకుండా డిజిటల్ పద్ధతిలో చెల్లిస్తే భారతీయులకు 5 రూపాయలు, విదేశీయులకు 50 రూపాయలు తగ్గుతాయి. పదిహేనేళ్ళ లోపు పిల్లలకు టిక్కెట్టు లేదు. తాజ్‌మహలుకు లెక్క వేరు. అక్కడ 2018 డిసెంబరు నుంచి ప్రధాన సమాధి మందిరంలోకి వెళ్ళడానికి అదనంగా 200 రూపాయలు పెట్టారు. శుక్రవారం సెలవు. రుసుములు అప్పుడప్పుడు మారుతూ ఉంటాయి కనుక బయలుదేరే ముందు సరిచూసుకోవడం మంచిది.

గైడు ఖర్చు ఈ ప్రవేశ రుసుములో చేరదు. గైడులలో కేంద్ర పర్యాటక మంత్రిత్వ శాఖ గుర్తించిన ప్రాంతీయ స్థాయి వారు, రాష్ట్రాల పర్యాటక శాఖలు గుర్తించిన వారు, ఆయా కట్టడాలకు పరిమితమైన స్థానికులు అని తరగతులున్నాయి. సాధారణంగా బృందంలో ఎందరున్నారు, అరపూట కావాలా, పూర్తి రోజు కావాలా అన్న దానిని బట్టి రుసుము ఉంటుంది. కాబట్టి నాలుగు కుటుంబాలు కలిసి ఒకే గైడును పెట్టుకుంటే తలకు పడేది స్వల్పం. మన ఎల్.టి.సి. బిల్లులో ప్రయాణ ఛార్జీలే గాని, ప్రవేశ రుసుము, గైడు రుసుము రావు. ఆ ఖర్చు మన జేబు నుంచే అని ముందే అనుకుని బయలుదేరితే చూసే చోట చిరాకు ఉండదు.

కార్డు ఎందుకు అడగమంటానంటే మరొక అనుభవం కూడా ఉంది. కొన్నేళ్ళ క్రితం ఒక ప్రసిద్ధ నగరంలో, పేరు అనవసరం, కార్డు లేని ఒకాయన సగం ధరకు చూపిస్తానంటే నా శ్రీమతి వద్దన్నా వినకుండా ఒప్పుకున్నాను. కట్టడం చూపించినది ఇరవై నిమిషాలు, పాలరాతి బొమ్మల దుకాణంలో కూర్చోబెట్టినది గంటన్నర. తక్కువ ధర కుదిరిందని నేను పొంగిపోయిన ఆ గైడు ఖర్చు, కొన్న బొమ్మ వెలతో కలిపితే మూడింతలయింది. మంచి గైడు తన కార్డును దాచడు. రేటు ముందే చెబుతాడు. తెలియనిది తెలియదంటాడు. ఈ మూడూ చూసుకుంటే చాలు.

మన పిల్లలలో చరిత్రపై ఆసక్తి ఉన్న వారికి ఇది ఒక ఉపాధి మార్గమని కూడా చెప్పాలి. కేంద్ర పర్యాటక మంత్రిత్వ శాఖ కొన్నేళ్ళ క్రితం ‘ఇన్‌క్రెడిబుల్ ఇండియా టూరిస్ట్ ఫెసిలిటేటర్’ అనే శిక్షణను ఆన్‌లైనులో ప్రవేశపెట్టింది. ఇంటి దగ్గరే చదువుకుని, పరీక్ష రాసి ధ్రువపత్రం పొందవచ్చు. మా మేనకోడలు ఈ చదువు చదువుతానన్నప్పుడు ఇంట్లో కొందరు పెదవి విరిచారు. నాన్నగారి నోటు పుస్తకం నేను ఆమెకు ఇచ్చాను. ఎడమ పక్క పేజీలు చదివి నవ్వింది. కుడి పక్క పేజీలలో రెండు తప్పులు పట్టుకుని దిద్దింది.

నిరుడు శీతాకాలంలో కుటుంబంతో మళ్ళీ కోణార్క వెళ్ళాను. అమ్మ కూడా వచ్చింది. ఎనభై దాటిన మనిషి, చక్రాల కుర్చీలో కూర్చోబెట్టి తోసుకుని వెళ్ళాము. 2018లో వచ్చిన కొత్త పది రూపాయల నోటు మీద కూడా కోణార్క చక్రం ఉంది. మా మనవడు ఆ నోటును రాతి చక్రం పక్కన పట్టుకుని సరిచూస్తున్నాడు. మేము పెట్టుకున్న గైడు, పాతికేళ్ళ కుర్రవాడు, తన కార్డు చూపించి మొదలుపెట్టబోతున్నాడు. ఇంతలో అమ్మ గట్టిగా, “మీ నాన్నగారు ఇక్కడే గదా యాభై రూపాయలు పుచ్చుకుని పట్టుబడింది” అని అందరికీ వినిపించేలా అని నవ్వింది.

“ఆయన కాదమ్మా. పుచ్చుకున్నది నేను” అన్నాను.

ముప్పయి ఏళ్ళు దాటాక చెప్పిన మాట అది. అమ్మ నా వైపు చాలాసేపు చూసింది. కోప్పడుతుందనుకున్నాను. “నాకు తెలుసులే. ఆయన డబ్బు ముట్టుకునే మనిషి కాదు. నువ్వు ఎప్పుడు చెబుతావా అని చూస్తున్నాను” అని, గైడు వైపు తిరిగి, “నువ్వు చెప్పు బాబూ” అన్నది.

కుర్రవాడు చెప్పడం మొదలుపెట్టాడు. ముందుగా అయస్కాంతం కథ చెప్పి, ఇది కథ మాత్రమేనండి అన్నాడు.